ఒకే స్క్రీను, నలభై ఐదు మంది పిల్లలు: వీడియో గేమ్‌తో పాఠం నడుస్తుందా?

మేడమ్, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కొండపి దగ్గర జడ్పీ హైస్కూల్లో కొత్తగా చేరారు, ఎనిమిది నుంచి పది దాకా ఫిజికల్ సైన్స్ చెప్తున్నారు. పిల్లలు ఇంటికి పోగానే ఫోనులో షూటింగ్ గేములు తప్ప ఇంకోటి ముట్టడం లేదు, ఆ పిచ్చినే పాఠానికి వాడుకుంటే ఎలా ఉంటుందని మీ ఆలోచన. చేతిలో ఉన్నది క్లాసులో ఒక ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో ముట్టుకుంటే పనిచేసే పెద్ద స్క్రీను), ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు ఆరు, క్లాసుకు నలభై ఐదు మంది. హెచ్‌ఎం గారేమో "ముందు సిలబస్ సంగతి చూడండమ్మా" అన్నారు.

నడుస్తుంది. నేను నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు మండలంలో ఫిజిక్స్ చెప్పే మాస్టారిని, లెక్కల పోస్టు ఖాళీ అయినప్పుడల్లా ఆ క్లాసులూ నా మీదే పడతాయి, రెండింట్లోనూ గేములు వాడుతున్నాను. కాకపోతే పిల్లకాయలకు గేములంటే ఇష్టం కాబట్టి పాఠం కూడా ఇష్టపడతారు అనే లెక్క మీద మొదలుపెట్టకండి, అది రెండు వారాలు కూడా నిలవదు. వాళ్లు ఇంట్లో ఆడే గేములకు కోట్లు పోసి బొమ్మలు గీయించి ఉంటారు, వాటి ముందు మన స్కూలు గేము వెలవెలబోతుంది, ఆ తేడా పిల్లలు ఐదు నిమిషాల్లో పసిగడతారు. మనకు గేము పనికొచ్చేది ఇంకో చోట. తప్పు చేస్తే ఎవరూ తిట్టరు, నవ్వరు, ఏం జరిగిందో అక్కడికక్కడే కనిపిస్తుంది, మళ్లీ చేయొచ్చు. బోర్డు దగ్గరికి రమ్మంటే తల దించుకునే పిల్ల కూడా గేములో తప్పు చేయడానికి వెనకాడదు. మనం వాడుకోవాల్సింది ఆ సౌకర్యాన్ని.

గేము పెట్టే ముందు ఒక్కటే చూసుకోండి: ఇందులో గెలవాలంటే పాఠం అవసరమా, పాఠం రాకపోయినా గెలవొచ్చా?

"విద్యా గేములు" అని వచ్చేవాటిలో చాలా భాగం రెండో రకమే. కారు పరిగెడుతుంది, మధ్యలో ఆపి "ఇనుము సంకేతం ఏది" అని అడుగుతుంది, నాలుగింట్లో ఒకటి నొక్కితే కారు మళ్లీ పరిగెడుతుంది. ఆ కారుకీ ఇనుముకీ ఏ సంబంధమూ లేదు. పిల్లలు ఏం చేస్తారంటే పాయసంలో జీడిపప్పు ఏరుకున్నట్టు కారు వరకూ ఏరుకుని, ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎడాపెడా నాలుగూ నొక్కి దాటేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు, ఆ గేము కట్టినవాళ్లే పాఠాన్ని దారికి అడ్డంగా పెట్టారు.

మొదటి రకం ఎలా ఉంటుందో మీ సబ్జెక్టులోంచే చెప్తాను. పదో తరగతి రసాయన సమీకరణాలు తుల్యం చేయడం. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే స్క్రీను మీదే చేసి చూసే ప్రయోగాలు, వినే ఉంటారు, నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. పూర్తిగా ఉచితం. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్లో నడుస్తాయి, మన ఊళ్లకు అదే పెద్ద వరం. అందులో ఈ తుల్యం చేసే సిమ్యులేషన్ ఉంది, దానికి మూడు స్థాయుల గేము కూడా ఉంది. సమీకరణం ఇస్తుంది, ముందున్న అంకెలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే రెండు వైపులా అణువుల బొమ్మలు పెరుగుతూ తరుగుతూ కనిపిస్తాయి. మీథేన్ మండేది తీసుకోండి. ఆక్సిజన్ ముందు 2 పెట్టాలి, నీటి ముందు 2 పెట్టాలి, అప్పుడు ఇటు నాలుగు ఆక్సిజన్లు, అటు నాలుగు. అందులో తక్కెడ బొమ్మ కూడా పెట్టుకోవచ్చు, ఎటు బరువుందో అటు ఒరుగుతుంది. ఇక్కడ పాఠం దాటుకుని గెలవడం కుదరదు, ఎందుకంటే ఆటంటేనే పాఠం.

కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది, దీన్ని కాస్త నిదానంగా చదవండి. పిల్లలు కాగితం మీద చేసే అసలు తప్పేమిటి? ముందు అంకె మార్చకుండా కింద అంకె మార్చేస్తారు. ఆక్సిజన్ ఒకటి తక్కువైందా, హెచ్2ఓ పక్కన ఇంకో 2 రాసేసి హెచ్2ఓ2 చేసేస్తారు, లెక్క సరిపోయిందని సంతోషిస్తారు. నీళ్లు కాస్తా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోయాయని వాళ్లకు తట్టదు. ఫెట్ గేములో కింద అంకె ముట్టుకోవడానికి వీల్లేదు, ముందు అంకె ఒక్కటే కదులుతుంది. అంటే ఆ తప్పు చేసే దారినే గేము మూసేసింది. మా క్లాసులో గేమంతా తప్పు లేకుండా ఆడిన కుర్రాడే మరుసటి రోజు స్లిప్ టెస్టులో దర్జాగా హెచ్2ఓ2 రాశాడు. వాడికి గేము రాలేదని కాదు, కింద అంకె ఎందుకు మార్చకూడదో గేము వాడికి ఎప్పుడూ చెప్పలేదు. అది చెప్పాల్సింది మనం. అందుకే ఆ గేము మధ్యలో ఆపి, బోర్డు మీద నీళ్ల అణువు ఒకటి, పెరాక్సైడ్ అణువు ఒకటి గీసి, "ఈ గేము కింద అంకెను ఎందుకు ముట్టుకోనివ్వడం లేదురా?" అని అడుగుతాను. ఐదు నిమిషాలు గోల గోలగా ఉంటుంది. ఆ గోలలోనే పాఠం ఎక్కుతుంది.

నేను మీకు ముఖ్యంగా చెప్పదలుచుకుంది కూడా ఇదే. గేము పాఠం చెప్పదు, గేము ఆపి మాట్లాడుకున్నప్పుడు పాఠం వస్తుంది. ఆపడం అంటే అయిపోయాక ఆపడం కాదు, మాంచి ఊపులో ఉన్నప్పుడు ఆపడం. పిల్లలు "సార్ సార్ ఒక్కసారి సార్" అని గొడవ చేస్తారు, పట్టించుకోకండి.

ఇక మీ ఆరు కంప్యూటర్ల సంగతి. నలభై ఐదు మందికి ఆరే అని మీరు దిగులుపడుతున్నారు, నన్నడిగితే ఆరు కూడా ఎక్కువ, మొదట్లో ఐఎఫ్‌పీ ఒక్కటే చాలు. 1971లో అమెరికాలో మినియాపొలిస్‌లో డాన్ రావిచ్ అనే, ఇంకా ట్రెయినింగ్‌లో ఉన్న టీచరు, చరిత్ర పాఠం కోసం ఇద్దరు స్నేహితులతో కలిసి ది ఒరెగాన్ ట్రెయిల్ అనే గేము రాశాడు. బళ్లు కట్టుకుని పడమటికి వలసపోయిన కుటుంబాల కథ అది, డబ్బు ఎంత తిండికి, ఎంత ఎద్దులకు, ఎంత తూటాలకు అని పిల్లలే తేల్చుకోవాలి. స్కూళ్లలో వీడియో గేముల చరిత్ర చెప్పేటప్పుడు దాని పేరు తరచూ వస్తుంది. అప్పటికి క్లాసులో స్క్రీను కూడా లేదు, కాగితం మీద టకటకా అచ్చు వేసే టెలిటైప్ యంత్రం ఒకటి, దాని చుట్టూ ఎనిమిదో తరగతి పిల్లలు మూగి, ఒకరు టైపు చేయడం, ఒకరు మ్యాపు చూడటం, ఒకరు డబ్బు లెక్క రాయడం. యంత్రం ఒక్కటే కాబట్టే వాళ్లు మాట్లాడుకోవాల్సి వచ్చింది. తలా ఒక ట్యాబ్ ఇచ్చి కూర్చోబెడితే క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చాక మీరూ ఎక్కడో చూసే ఉంటారు. ఎవరి లోకం వాళ్లది.

నా పద్ధతి చెప్తాను, మీ వీలును బట్టి మార్చుకోండి. పీరియడ్‌లో గేముకు పది పన్నెండు నిమిషాలకు మించి ఇవ్వను. ముందు క్లాసు మొత్తం నోట్సులో తమ అంచనా రాయాలి: ఈ మీట నొక్కితే ఏం జరుగుతుంది, ఎందుకు. రాసినవాళ్లే మాట్లాడాలి. ఈ రాయించడం దగ్గర బద్ధకిస్తే మిగతాదంతా వట్టి సినిమా. ఉదాహరణకు ఫెట్‌లోనే సర్క్యూట్ కట్టేది ఉంది కదా, ఒక బ్యాటరీకి రెండు బల్బులు వరుసగా కట్టి చూపించి, "వీటిలో ఒక బల్బు పీకేస్తే రెండోది ఏమవుతుంది? అదే సమాంతరంగా కడితే?" అని అడిగి రాయిస్తాను. సగం మంది వరుసలో కూడా రెండోది వెలుగుతూనే ఉంటుందని రాస్తారు, ఇంట్లో ఒక గదిలో బల్బు పోతే ఇంకో గదిలో పోదు కదా అని వాళ్ల వాదన. మంచి వాదనే. ఇంట్లో వైరింగ్ ఎలా ఉందో అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. తర్వాత ప్యానెల్ దగ్గరికి ఒకరిని పిలిచి పీకిస్తాను. రాసింది తప్పయిన పిల్లలు ఎలా చూస్తారో చూడండి, అప్పుడు మీరు చెప్పే ఒక్క వాక్యం కూడా వృథా పోదు.

షార్ట్ సర్క్యూట్ చేస్తే ఆ బొమ్మ బ్యాటరీకి మంటలు అంటుకుంటాయి, ప్రతి క్లాసులోనూ ఎవడో ఒకడు అది కనిపెట్టి పది నిమిషాలు అదే పని చేస్తాడు. కానివ్వండి. నిజం తీగలతో చేయలేని పని అది. అయితే గేము ఉంది కదా అని ల్యాబ్ మానేయకండి. గేములో తీగ ఎప్పుడూ వదులుగా ఉండదు, సెల్లు చచ్చిపోయి ఉండదు, బల్బు హోల్డరుకు తుప్పు పట్టదు. అవన్నీ ఉన్న చోటే సైన్సు నేర్చుకునేది. గేము ముందు, నిజం సర్క్యూట్ తర్వాత, ఇదీ నా వరస.

ల్యాబులో ఆరు కంప్యూటర్ల దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఇంకో సమస్య చూస్తారు. ప్రతి గుంపులో మౌసు ఒక మగపిల్లాడి చేతికే పోతుంది. ఆడపిల్లలు వెనక నిలబడి తొంగి చూస్తూ ఉంటారు, ఒక్కోసారి అసలు సమాధానం వాళ్లకే తెలిసి ఉంటుంది, గొణుగుతారు, వాడు వినడు. దీనికి నేను పెట్టిన రూలు చాలా మొరటుది: మౌసు పట్టుకున్నవాళ్లు మాట్లాడకూడదు, మాట్లాడేవాళ్లు మౌసు ముట్టకూడదు. చేతికి ఏం చేయాలో నోరు చెప్పాలి. ఐదు నిమిషాలకోసారి మార్పు. మొదటిరోజు గోల, తర్వాత అలవాటైపోతుంది. పైగా నోటితో చెప్పాలంటే "అది, అటు, ఆ ఎర్రది" అంటే కుదరదు కాబట్టి గుణకం, నిరోధం, సమాంతరం లాంటి మాటలు వాళ్ల నోటి నుంచే రావడం మొదలవుతాయి.

ఆటకీ పాఠానికీ సంబంధం లేని గేములు వద్దన్నాను, దానికి ఒక మినహాయింపు ఎక్కాలు. ఆరో తరగతికి వచ్చి ఏడో ఎక్కం రాని పిల్లలు మీ దగ్గరా ఉంటారు, మా దగ్గరా ఉన్నారు. వాళ్లకు అర్థం చేసుకోవాల్సిన సిద్ధాంతం కన్నా నోటికి రావాల్సిన అలవాటు ఎక్కువ. టక్స్‌మ్యాథ్ అని ఉచితంగా దొరుకుతుంది, పాత డబ్బా సిస్టంలో కూడా నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. ఆకాశం నుంచి లెక్కలు తోకచుక్కల్లా పడుతుంటే జవాబు కొట్టి వాటిని పేల్చాలి, లేకపోతే కింద పెంగ్విన్ల మంచు ఇళ్లు కరిగిపోతాయి. బొమ్మలు పాతవే, అయినా ఎక్కాలు రాని పిల్లలు దాని మీద కూర్చుంటే లేవరు. చిన్న క్లాసులకైతే జీకాంప్రీ చూడండి, అదీ ఉచితమే, పదేళ్ల లోపు పిల్లలకు వందకు పైగా చిన్న చిన్న ఆటలున్నాయి. మీ హైస్కూలుకు ప్రైమరీ కలిసి ఉంటే ఆ టీచర్లకు చెప్పండి.

క్విజ్ గేముల గురించి ఒక మాట. కహూట్ అందరికీ తెలుసు, పట్నం స్కూళ్లలో బాగా వాడతారు. పిల్లల చేతిలో పరికరాలు కావాలి, నెట్ కావాలి, పైగా మామూలుగా అందులో ఎంత తొందరగా నొక్కితే అన్ని పాయింట్లు. నిదానంగా ఆలోచించే పిల్ల ఎప్పుడూ అడుగునే ఉంటుంది, మూడో వారానికి ఆ పిల్ల ఆడటమే మానేస్తుంది. నాకు ప్లికర్స్ నయం అనిపించింది. పిల్లలకు ఫోను అవసరం లేదు, ఒక్కొక్కరికి ఒక నలుపు తెలుపు గళ్ల కార్డు ప్రింట్ తీసి ఇస్తాం, కార్డును ఎటు తిప్పి పట్టుకుంటే అది జవాబు. టీచరు తన ఫోను కెమెరాతో క్లాసును ఒకసారి అలా చూపిస్తే ఎవరు ఏం చెప్పారో వచ్చేస్తుంది. ఎవరి కార్డు గళ్లు వాళ్లవే కాబట్టి పక్కవాడిని చూసి తిప్పడం కుదరదు. క్లాసులో ఫోను బయటికి తీయాలి కాబట్టి హెచ్‌ఎం గారికి ముందే చెప్పి ఒప్పించుకోండి, లేకపోతే ఎవరో ఫొటో తీసి ఎక్కడో పెడతారు, అనవసరంగా టెన్షన్.

మీ ప్రశ్నలో "పెద్ద గేములు కూడా పనికొస్తాయా" అని అడిగారు. ఒక్కటి చెప్తాను, నాకు బాగా ఇష్టమైంది. మా వైపు పిల్లలు శ్రీహరికోట రాకెట్లు మేడలెక్కి చూస్తూ పెరుగుతారు. రాకెట్ లేచిన కాసేపటికి సముద్రం వైపు వంగిపోతుంది. ఎందుకు వంగుతుందిరా అంటే దాదాపు అందరూ ఒకటే చెప్తారు, "బరువు ఎక్కువై సార్" అని. పైకి పోవడమే అంతరిక్షంలోకి పోవడం అని వాళ్ల నమ్మకం. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే గేములో మనమే రాకెట్ కట్టి వదలాలి. గ్రహం పట్టు తప్పించుకునేంత వేగం లేకపోతే, నిటారుగా పంపింది ఇంధనం అయిపోయాక తిరిగి నేల మీదే పడుతుంది. నా ల్యాప్‌టాప్ ప్యానెల్‌కు తగిలించి, పిల్లలు చెప్పినట్టే నిటారుగా వదులుతాను. పడుతుంది. ఇంకా పెద్దది కట్టమంటారు. అదీ పడుతుంది. చివరికి ఎవరో ఒకరు "పక్కకి తిప్పండి సార్" అంటారు, అప్పుడు కక్ష్య అనే గీత మెల్లిగా సాగుతూ సాగుతూ గ్రహం చుట్టూ తిరిగి కలుసుకుంటుంది. ఆ గీత కలిసినప్పుడు క్లాసులో లేచే కేక పక్క సెక్షన్ టీచరుకు నచ్చదు, ముందే చెప్పి ఉంచండి. భూమి దగ్గర కక్ష్యలో ఉండాలంటే పక్కకు సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి, రాకెట్ వంగేది ఆ వేగం కోసం.

చంద్రయాన్-3 2023 జులై 14న లేచి ఆగస్టు 23న గానీ దిగలేదు, అపోలో 11 నాలుగు రోజుల్లో దిగింది, మనవాళ్లకు అంత ఆలస్యం ఎందుకు అని పిల్లలు అడుగుతారు. దానికీ ఇదే గేము. తక్కువ ఇంధనం, చిన్న రాకెట్ ఉన్నప్పుడు ఒక్కసారిగా దూకలేం, భూమి చుట్టూ తిరుగుతూ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కాస్త కాస్త తోసుకుంటూ కక్ష్యను సాగదీయాలి. చంద్రయాన్ అలా ఐదుసార్లు పెంచుకుని ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టింది. చేత్తో చేసి చూసిన పిల్లకు ఇది కంఠతా పట్టాల్సిన విషయం కాదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: గేములో నియమం నిజమైనదే, అంకెలు మాత్రం నిజం కావు. ఆ ఊహా గ్రహం వ్యాసార్థం 600 కిలోమీటర్లు, మన భూమిది 6,371. అందుకని అక్కడ తక్కువ వేగానికే కక్ష్య వచ్చేస్తుంది. ఈ తేడా ఎందుకో తొమ్మిదో తరగతి పిల్లలను అడగండి, గురుత్వాకర్షణ పాఠానికి అంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు. ఇది కొనుక్కోవాల్సిన గేము, మీ ల్యాబు సిస్టమ్స్ దీన్ని మోయలేకపోవచ్చు, ఎవరిదైనా మంచి ల్యాప్‌టాప్ ఉంటేనే పెట్టుకోండి. మైన్‌క్రాఫ్ట్‌కు కూడా స్కూళ్ల కోసం వేరే ఎడిషన్ ఉంది, 2016 నుంచి, కానీ లైసెన్సులు, స్కూలు అకౌంట్లు, ఇవన్నీ మన జడ్పీ స్కూళ్లకు అయ్యే పని కాదు.

ఆడటం కంటే గేము తయారు చేయించడంలోనే ఎక్కువ చదువు ఉంది, ఇది నా గట్టి నమ్మకం. స్క్రాచ్ తెలుసు కదా, 2007లో ఎంఐటీ వాళ్లు ఇచ్చింది, ముక్కలు ముక్కలుగా అమర్చి గేము కట్టేయొచ్చు. నెట్ లేకుండా నడిచే వెర్షన్ ఉంది, విండోస్ 10 కంటే పాత సిస్టమ్స్ అయితే పాత 1.4 వెర్షన్ వేసుకోండి. మా తొమ్మిదో తరగతి పిల్లలు రొయ్యల గుంట గేము కట్టారు. మా ఊళ్లో సగం ఇళ్లలో అదే బతుకు. లక్ష సీడు (రొయ్య పిల్లలు) వదులుతాం, రోజూ మేత ఎంత వేయాలో ఆడేవాళ్లు చెప్పాలి, ఎక్కువైతే నీళ్లు పాడవుతాయి, తక్కువైతే రొయ్య పెరగదు. చెక్‌ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మేత మిగిలితే మరుసటి పూట తగ్గించాలి అనే రూలు ఒక పిల్ల పెట్టింది, వాళ్ల నాన్న రోజూ చేసేది అదేనట. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు కరెంటు పోతే జనరేటర్ వేయాలి, డీజిల్ ఖర్చు. ఎందుకు తెల్లవారుజామునే అని నేనడిగితే, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కదా సార్ అని జవాబు వచ్చింది, కిరణజన్య సంయోగక్రియ పాఠం నేను చెప్పకుండానే అయిపోయింది.

లెక్కల దగ్గర అసలు కష్టం వచ్చింది. లక్షలో 80 శాతం బతికితే 80 వేలు. 50 కౌంట్ అంటే కిలోకు యాభై రొయ్యలు, కాబట్టి 1,600 కిలోలు. కిలో రొయ్యకు కిలోన్నర మేత అనుకుంటే 2,400 కిలోల మేత. ఇంట్లో ఈ మాటలు రోజూ వినే పిల్లలే, కౌంట్ తగ్గితే రొయ్య సైజు పెరుగుతుందనే విలోమానుపాతాన్ని స్క్రాచ్‌లో రాయడానికి తల పట్టుకున్నారు. ఒకరు గుణించారు, గేములో 100 కౌంట్ రొయ్య 50 కౌంట్ రొయ్య కంటే రెండింతలైంది. ఆడి చూసిన పిల్లలే "ఏందిది, 100 కౌంటు రొయ్య ఇంతుందా" అని నవ్వి వాళ్లే దిద్దుకున్నారు. నేను ఎర్ర పెన్ను తీయలేదు. చివర్లో పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, రేటు ఎంత అనేది ఎలా పెట్టారో చూస్తే, లాటరీలాగా ఏదో ఒక అంకె వచ్చేట్టు పెట్టారు. ఇదేందిరా, రేటుకు కారణం ఉండొద్దా అన్నాను. "రేటు ఎందుకు పడుద్దో మా నాయనకే తెలవదు సార్" అన్నాడు ఆ రాసినవాడు. ఇంక దాని మీద నేనేమీ అనలేదు.

మీ కొండపి వైపు పొగాకు కాల్చే బ్యారన్లు, వేలం కేంద్రం ఉన్నాయి. కట్టెల ఖర్చు, కాల్చే వేడి, గ్రేడు, వేలంలో రేటు, మీ పిల్లలకు ఇవన్నీ కరతలామలకం. ఆ లెక్కతో గేము కట్టమనండి, మీరే ఆశ్చర్యపోతారు.

తల్లిదండ్రుల సంగతి. వస్తారు, తప్పకుండా వస్తారు. మా దగ్గర ఒకాయన గేటు దగ్గరే పట్టుకున్నాడు, "ఏంది సార్, ఇంట్లో గేములు మానమని మేం అరస్తా ఉంటే ఇస్కూల్లో మీరే ఆడిస్తా ఉండారంట?" అని. తిరిగి వాదించకుండా లోపలికి తీసుకెళ్లి వాళ్లబ్బాయి చేత ఆ సర్క్యూట్ గేము ఆడించి, వాడి చేతే వివరం చెప్పించాను. ఆయన కోపం తగ్గింది గానీ ఇంకో మాట అన్నాడు, వాడు ఇంటికొచ్చి ఫోను తీసుకుని "సార్ ఆడమన్నాడు" అంటున్నాడట. ఇది నిజంగా జరుగుతుంది, ప్రతి ఊళ్లో. అందుకే గేమును హోంవర్క్‌గా ఎప్పుడూ ఇవ్వకండి, ఆ మాట పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ గట్టిగా చెప్పండి. స్కూల్లో ఆడింది స్కూల్లోనే, ఇంటికి నోట్సు మాత్రమే వెళ్తుంది అని. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది, అది కూడా ఆ మీటింగులోనే చెప్పేయండి, కొందరు నాన్నలకు కూడా పనికొస్తుంది. మరీ గేముకు బానిసైపోయి తిండి, నిద్ర, బడి వదిలేసిన పిల్లాడు ఉంటే అది వేరే విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో దాన్ని ఒక రుగ్మతగానే చేర్చింది. అలాంటి పిల్లాడిని మన సైన్స్ గేము బాగు చేయదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడి డాక్టరుకు చూపించమనాలి. అలాగని రోజూ సాయంత్రం ఓ గంట ఆడే ప్రతి పిల్లాడికీ ఆ ముద్ర వేయకూడదు.

హెచ్‌ఎం గారి సిలబస్ బెంగకు నా దగ్గర చిట్కా ఉంది. గేమును అదనపు కార్యక్రమంలా చూపించకండి, లెసన్ ప్లాన్‌లోనే బోధనోపకరణం కింద రాయండి, ఏ పాఠం, ఏ భావన, ఎన్ని నిమిషాలు అని. జాతీయ విద్యావిధానం 2020లో లెక్కలకు పజిల్స్, ఆటలు వాడాలని, ఆరో తరగతి నుంచి కోడింగ్ నేర్పాలని రాసే ఉంది, తనిఖీకి ఎవరైనా వస్తే ఆ మాట చెప్పండి. పదో తరగతి వాళ్లతో మాత్రం సంక్రాంతి దాటాక ఇవేమీ పెట్టుకోకండి, పబ్లిక్ పరీక్షల ముందు వాళ్లూ వినరు, మనకూ మనసు ఉండదు. మార్కులు పెరుగుతాయా అంటారా? కేవలం గేము వల్ల పెరుగుతాయని నేను చెప్పను. ఎందుకు అని అడిగే పిల్లలు పెరుగుతారు, అది నేను చూశాను, పరీక్ష పేపర్లో దానికి మార్కులు ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

అన్ని పాఠాలకూ గేము వెతకొద్దు. నిర్వచనాలు, చరిత్ర తేదీలు, తెలుగు పద్యాలు, వీటికి గేము కట్టడం శ్రమ దండగ, మా తెలుగు మేడమ్ పద్యాలతో అంత్యాక్షరి ఆడిస్తారు, దాని ముందు ఏ యాప్ అయినా దిగదుడుపే. కరెంటు లేనిరోజు కోసం వైకుంఠపాళి చార్టు ఒకటి పెట్టుకోండి, రెండు రంగుల పాచికలు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, రుణ సంఖ్యల కూడిక అయిపోతుంది.

మొదలుపెట్టేది మాత్రం ఒక్క గేముతో, ఒక్క క్లాసుతో. మీకైతే తొమ్మిదో తరగతి మంచిది, పబ్లిక్ గొడవ లేదు, మరీ చిన్నపిల్లలూ కారు. ముందురోజు ఐఎఫ్‌పీలో ఆ సిమ్యులేషన్ డౌన్‌లోడ్ చేసి, నెట్ తీసేసి ఒకసారి నడిపి చూసుకోండి, పిల్లల ముందు చక్రం తిరుగుతూ కూర్చుంటే ఇంక క్లాసు చేతిలో ఉండదు. కొన్నింటికి తెలుగు వెర్షన్ కూడా ఉంది, మీ దగ్గర ఇంగ్లిష్ మీడియం అయినా తెలుగుది ఒకసారి తెరిచి చూడండి, నిదానంగా అందుకునే పిల్లలకు అది ఉపయోగం. మీ ల్యాబులో ఆ ఆరు సిస్టమ్స్‌లో విండోస్ ఏది, ర్యామ్ ఎంత ఉందో చూసి రాయండి మేడమ్, వాటిలో ఏవి నడుస్తాయో, ఏవి నడవవో చెప్తాను.